అల్మోరా: అతిథులును కూలివారును

వేసవి వచ్చినంతనే కొంచెము కలిగిన కుటుంబములవారు చల్లని కొండయూళ్ళకు బయలుదేరుట మనలో నిప్పుడు వాడుకయైనది. పూర్వము మన పెద్దలు హిమాలయములకు పోవునపుడు ఇంటివారికి అప్పగింతలు పెట్టి, తిరిగి వత్తుమో రామో యని కన్నీటితో సెలవు తీసికొనెడివారు. నేడు రానుపోను టిక్కెట్లు ముందుగానే కొని పోవుచున్నాము. ఈ మార్పు మంచిదే. దేశమును చూచుట చదువులో నొక భాగము. ఆడువారికిని పిల్లలకును ఇల్లు దాటి పదిచోట్లు చూచు నవకాశము కలుగుట మరియు మంచిది. అయినను చూచివచ్చినవారిని ఏమి చూచితిరని యడిగినచో, చల్లగా నున్నది, ప్రశాంతముగా నున్నది అను రెండు మాటలకంటె నెక్కువ వినబడుట యరుదు. ఆ చల్లదనము కొండ యిచ్చినది. ఆ ప్రశాంతత యెవరి చలువ? ఈ ప్రశ్న మాకు అల్మోరాలో కలిగెను. అందుకు ఆ పట్టణపు చరిత్రలో మాకు దొరికిన సమాధానమును పాఠకుల కిచ్చట నివేదించుచున్నాము.

మేము ఇరువదియేండ్లుగా బడిలో పిల్లలకు కుమారసంభవపు ప్రథమసర్గమును చెప్పుచున్నాము. హిమవంతుని వర్ణించు శ్లోకములకు అన్వయమును, ప్రతిపదార్థమును, అలంకారమును చెప్పుటయే కాని ఆ కొండను కన్నులార చూచి యెరుగము. గత వేసవి సెలవులలో ఆ కొరత తీర్చుకొనదలచి, సందడి హెచ్చుగా నుండు సిమ్లా, నైనితాలులను విడిచి, కుమావూన్ సీమలోని అల్మోరాకు కుటుంబసహితముగా పోయితిమి. కుమావూన్ అను పేరునకు సంస్కృతరూపము కూర్మాచలము. విష్ణువు కూర్మావతారమెత్తినది చంపావతు సమీపమునందలి కొండమీదనే యని అచ్చటివారు చెప్పుదురు. 2000 సంవత్సరము నవంబరులో ఏర్పడిన ఉత్తరాఖండ రాష్ట్రములో నీ సీమ చేరియున్నది. ఢిల్లీనుండి కాఠ్‌గోదాము వరకు రైలు కలదు. 1884లో కొండ యడుగునకు చేరిన ఆ రైలుదారి నేటికిని అచ్చటనే యాగియున్నది. అక్కడినుండి అల్మోరాకు మోటారుదారి సుమారు తొంబది కిలోమీటర్లు.

బస్సు దిగినచోటునుండి మా బసకు దాదాపు నూరు మెట్లెక్కవలసియుండెను. నేపాళదేశపు పడమటి భాగమునుండి వచ్చి యీ కొండలలో కూలి చేసికొనువా రనేకులు బస్సులకొరకు కాచుకొనియుందురు. వారిలో నొక నడివయస్కుడు మా రెండు పెట్టెలను, ఒక సంచిని చూచి నూటయేబది రూపాయలడిగెను. మేము నూరే యిత్తుమంటిమి. బేరము కొంతసేపు సాగి మా పక్షముననే తీరెను. ఆతడు పెట్టెలను త్రాటితో కలిపి కట్టి, ఆ కట్టునకు తగిలించిన పట్టీని నొసటిమీద వేసికొని, ముందునకు వంగి మెట్లెక్కసాగెను. వట్టిచేతులతో వెనుక నడచిన మేము నాలుగుచోట్ల నిలిచి ఊపిరి పీల్చుకొంటిమి. ఆత డొక్కచోట మాత్రమే నిలిచెను. గది చేరినపిమ్మట మా గృహిణి, "ఏమండీ, దారిపొడుగునను కాఫీలకు, ఫలహారములకు ఎంతయినదో లెక్క చూడలేదే; ఈయన దగ్గర మాత్రము యేబది రూపాయలకొరకు అంత వాదించితిరేమి?" అని యడిగెను. మేమేమియు చెప్పలేకపోయితిమి. ఆ మాటను మరల ప్రస్తావించెదము.

అల్మోరా గుర్రపు జీనువలె మధ్య వంగిన యొక కొండవెన్నుమీద కట్టబడిన పట్టణము. సముద్రమట్టమునకు సుమారు 1,640 మీటర్ల యెత్తున నున్నది. ఒకవైపున కోసీనదియు, రెండవవైపున సుయాల్ నదియు లోతుగా పారుచుండును. కొండవెన్ను పొడుగునను రాతిపలకలు పరచిన పాతబజారు సాగిపోవుచున్నది. ఆ వీథి యిరుప్రక్కల పాతకాలపు కొన్ని యిండ్లకు చెక్కడపు పనిగల కొయ్యవాకిళ్ళును కిటికీలును ఇంకను నిలిచియున్నవి. తామ్టాలను కంసాలులు రాగిరేకును సుత్తెతో కొట్టి బిందెలు, చెంబులు చేయు పని యీ యూర తరతరాలనుండి వచ్చినది. యంత్రపు సామాను వచ్చి దానిని చాలవరకు తగ్గించినను, వెదకినవారికి ఆ సుత్తెచప్పు డింకను వినబడుచున్నది. కోవాను ఎర్రగా వేచి, పైని తెల్లని చక్కెరగుండ్లు అద్దిన 'బాల్ మిఠాయి' యనునది ఈ పట్టణపు ప్రసిద్ధమైన తీపివస్తువు.

మన స్త్రీల కానందము కలిగించు సంగతులు మరికొన్ని కలవు. అచ్చటి గృహిణులు పండుగలకును శుభకార్యములకును ఎర్రమన్నలికిన నేలమీద తడి బియ్యపుపిండితో వ్రేళ్ళను కలముగా చేసికొని వేయు చిత్రములను 'ఐపణ్' అందురు. జాజు పూసిన మన గడపలమీది ముగ్గు జ్ఞప్తికి రాకమానదు. అచ్చట పేదలు తిను మండువా మన రాగులే. చలికాలమున వారు పప్పుగా వండుకొను గహత్ మన యులవలే. ఉలవచారు ఎరిగిన మా పిల్లలు ఆ పప్పును రుచిచూచి, వేల మైళ్ళ దూరమున ఇంటివంట దొరకెనని సంతోషించిరి. వారి రామలీలలో పాత్రలు రాగతాళములతో పద్యములవంటి చరణములను పాడుచు నటింతురట. ఇది పందొమ్మిదవ శతాబ్దినుండి వచ్చుచున్న సంప్రదాయము. పద్యనాటకములు చూచి పెరిగిన ఆంధ్రులకు అది పరాయిగా తోచదు.

మంచుకొండల మాట చెప్పక తీరదు. మేము పోయినది వేసవిచివర యగుటచే నాలుగుదినములవరకు పొగవంటి మసక తప్ప మరేమియు కనబడలేదు. నాలుగవనాటి రాత్రి గట్టి వాన కురిసెను. మరునాటి వేకువను పిల్లలు కేకవేయగా బయటికి వచ్చి చూచితిమి. త్రిశూలము, నందాదేవి, పంచచూలి వరుసగా నిలిచియుండెను. నందాదేవి శిఖరము 7,816 మీటర్లదని బడిలో నెన్నిమారులో చెప్పితిమి. ఆ యంకె ఆ యుదయమున మాకు జ్ఞప్తికైన రాలేదు. ఒక గడియలో మబ్బులు మరల కమ్మెను. మా జీవితములో నది యొక మంచి గడియ యని చెప్పుటకు సందేహింపము.

ఇక చరిత్ర. సిమ్లా, ముస్సోరీ, నైనితాలువంటి కొండపట్టణములు ఆంగ్లేయులు తమ చల్లదనముకొరకు కట్టుకొన్నవి. అల్మోరా యట్టిది కాదు. చంపావతు రాజధానిగా కుమావూన్ నేలిన చందవంశపు రాజులు పదునారవ శతాబ్దిలో, సుమారు 1563 ప్రాంతమున, తమ పీఠము నిచ్చటికి మార్చిరి. దీనిని పూర్తిచేసినవాడు బాలో కల్యాణచందు. ఆ వంశమువాడగు రుద్రచందు 1588లో అక్బరును దర్శించి ఆయన ప్రాపు సంపాదించెను. ఈ రాజు డేగలతో వేటాడు విద్యను గూర్చి సంస్కృతమున 'శ్యైనికశాస్త్రము' అను గ్రంథము రచించెను. పదునేడవ శతాబ్దిలో బాజబహదూరుచందు గఢవాలుపై దండెత్తి నందాదేవి విగ్రహమును తెచ్చి యిచ్చట నిలిపెను. నేటికిని భాద్రపదమాసములో నందాష్టమినాడు అరటిబోదెలతో దేవి ప్రతిమలను చేసి యూరంతయు నుత్సవము చేయుదురు. పట్టణమునకు కొలది దూరమున కటార్మల్ సూర్యదేవాలయమును, దేవదారువనము నడుమ నూటికిపైగా చిన్న పెద్ద గుళ్ళుగల జాగేశ్వరమును చందులకంటె పూర్వపు కత్యూరీ రాజుల కాలమును జ్ఞప్తికి తెచ్చుచున్నవి. కటార్మల్ గుడికి చెందిన చెక్కడపు కొయ్యతలుపు లిప్పుడు ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలలో నున్నవి.

1790లో నేపాళపు గూర్ఖాలు అల్మోరాను పట్టుకొనిరి. వారి పాలన యిరువదియైదేండ్లు సాగెను. దాని కాఠిన్యమును గూర్చిన కథలు కుమావూన్ పల్లెలలో చిరకాలము నిలిచినవి. ఒకనాడు ఆ దేశమునుండి ఏలికలు వచ్చిరి. నేడు అదే దేశమునుండి బీదవారు నొసటి పట్టీతో కూలికి వచ్చుచున్నారు. 1815 ఏప్రిలులో పట్టణము ఈస్టిండియా కంపెనీవారి వశమాయెను. ఆంగ్లేయులిచ్చట దండును, కచ్చేరిని ఉంచిరి కాని, 1841 తరువాత పెరిగిన నైనితాలువైపునకే వారి వేసవి వైభవము మరలెను. అల్మోరా తన పాత బజారుతో, పాత కుటుంబములతో మిగిలిపోయెను. అది నెమ్మదిగానుండుటకు నిదియొక కారణము.

రెండవ కారణము జ్వరము. కొండల యడుగున తరాయి యను చిత్తడి యడవి పట్టీ యుండెను. వానకాలమున దానిని దాటుట ప్రాణాపాయము. అక్కడి మలేరియాకు భయపడి కొండవారు చలికాలమున మాత్రమే దిగెడివారు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దోమలను చంపు మందులు చల్లి, అడవి కొట్టి, అచ్చట కొత్త యూళ్ళు కట్టువరకు తరాయి యీ సీమ కొక కందకమువలె నుండెను. విచిత్రమేమనగా, ఆ జ్వరపు గుట్టు తెలిసికొనిన రోనాల్డు రాసు 1857 మే 13వ తేదీన పుట్టినది యీ అల్మోరాలోనే. ఆయన మలేరియా పురుగును దోమ కడుపులో కనుగొన్నది మన సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20వ తేదీన. అందుకొరకై 1902లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. హైదరాబాదునుండి వచ్చితిమని చెప్పగానే ఆ యూరి యుపాధ్యాయుడొకరు మాతో మొదట మాటలాడిన సంగతి యిదియే.

ఈ పట్టణమునకు వచ్చిన అతిథులలో కొందరిని పేర్కొనవలెను. 1890లో వివేకానందస్వామి, అప్పటికింకను లోకమెరుగని సన్న్యాసియై, గురుభాయి యగు అఖండానందునితో కాలినడకను వచ్చెను. ఊరు సమీపించుచుండగా ఆకలిచే సొమ్మసిల్లి ముసల్మానుల శ్మశానము నెదుట పడిపోయెను. అచ్చట కాపురమున్న ఫకీరొకడు తన దగ్గరనున్న దోసకాయను తెచ్చి, తాను ముసల్మానుడనని సందేహించెనట. స్వామి ఆ సందేహమును త్రోసివైచి దానిని తిని తేరుకొనెను. ఏడేండ్ల పిమ్మట, 1897లో, విశ్వవిఖ్యాతుడై వచ్చినపుడు పట్టణమంతయు ఎదురేగి స్వాగతమిచ్చుచుండగా, ఆ గుంపులో నొకమూల నిలిచియున్న ఫకీరును స్వామి గుర్తించి, తన ప్రాణము నిలిపినవాడితడే యని చెప్పెను. ఆ మరుసటి యేట, మదరాసులో వెలువడుచుండి సంపాదకుని మరణముచే నాగిన 'ప్రబుద్ధభారత' పత్రిక అల్మోరానుండి మరల ప్రకటింపబడెను.

1903లో రవీంద్రనాథ ఠాకూరు క్షయరోగముతో బాధపడు తన కుమార్తె రేణుకను గాలిమార్పునకై యిచ్చటికి తెచ్చెను. తల్లిలేని పిల్లలను చూచుకొనుచు ఆయన శిశువులను గూర్చిన గేతములను పెక్కింటి నిచ్చట రచించెను. బిడ్డ మాత్రము దక్కలేదు. ఆ సంవత్సరమే కలకత్తాలో కన్నుమూసెను. 1937లో ఆయన మరల వచ్చి, విజ్ఞానశాస్త్రమును సామాన్యులకు తెలుపు 'విశ్వపరిచయ'మును ఈ కొండమీదనే ముగించెను. 1929లో గాంధీమహాత్ముడు కుమావూన్ పర్యటనలో అల్మోరాకు వచ్చి, సమీపమునందలి కౌసానిలో కొలదిదినము లుండి, తన గీతానువాదమునకు పీఠిక వ్రాసెను. జవహరులాలు నెహ్రూ 1934 అక్టోబరు మొదలు 1935 సెప్టెంబరువరకు అల్మోరా చెరసాలలో నుండి, ఆత్మకథను 1935 ఫిబ్రవరిలో ముగించెను. 1939 మొదలు కొన్నియేండ్లు ఉదయశంకరుడు ఇచ్చట నృత్యకళాకేంద్రము నడపెను. అల్లాఉద్దీనుఖానుడు అందు సంగీతము నేర్పెను. ఇందరు మహనీయులు వచ్చి, తమ తపస్సునకో, రచనకో, కళకో తగిన నెమ్మది యిచ్చట పొందిరి.

ఇంతవరకు చెప్పినది సందర్శకులకై వ్రాసిన యే పుస్తకమునందైనను దొరకును. ఇక చెప్పబోవునది మాత్రము వానిలో నొకటి రెండు పంక్తులకు మించదు. మోటారుదారి లేని కాలమున ఈ కొండలమీదికి సామాను ఎట్లు వచ్చెను? దొరల డేరాలు, పెట్టెలు, తుపాకులు, మంచములు, భోజనసామగ్రి కొండలమీదుగా ఎవరి వీపులమీద నడచెను?

కుమావూన్‌లో 'కూలీ బేగార్' అను పద్ధతి యుండెను. మన మాటలో వెట్టి. సర్కారు ఉద్యోగి గస్తీకి వచ్చినను, సిపాయిలు దాటిపోయినను, వేటకాండ్రో యాత్రికులో దొరగారి చీటీతో వచ్చినను, ఆ దారిలోని పల్లెలవారు తమ పొలము పనులు విడిచి బరువులు మోయవలెను. కూలి యిచ్చినట్లు పేరైనను నామమాత్రముగా నిచ్చి బలవంతముగా మోయించుటను 'కూలీ ఉతార్' అనిరి. ఏమియు నీయక మోయించుట బేగారు. వచ్చినవారికి పాలు, నెయ్యి, కట్టెలు, గడ్డి ఊరివారే సమకూర్చుటను 'బర్దాయిష్' అనిరి. ఈ దురాచారమును ఆంగ్లేయులు కొత్తగా పుట్టింపలేదు. చందుల కాలమునను గూర్ఖాల కాలమునను ఏదో యొక రూపమున నుండినదే. ఆంగ్లేయులు దానికి రిజిష్టరు పెట్టిరి. ఏ యూర నెందరు మోయగలవారో, ఎవరి వంతు ఎప్పుడో ఊరిపెద్ద దగ్గర పుస్తకమున వ్రాయబడియుండెను. భూమి యున్నవాడు, ఆ భూమికి శిస్తు కట్టుటయే కాక, మోతయు మోయవలసినదే. కోతకాలమని మొరపెట్టినను, ఇంట రోగులున్నారన్నను వినువారు లేకుండిరి. అట్టివేళ డాకుబంగళా వసారాలో కూర్చున్న యాత్రికునకు ఆ కొండ యెంత ప్రశాంతముగా తోచియుండునో యూహింపుడు!

ఈ అన్యాయమును బయలుపెట్టుటకు పత్రికలు పూనుకొనెను. 1871లో స్థాపింపబడిన 'అల్మోడా అఖబార్' సర్కారు ఆగ్రహమునకు గురియై 1918లో నిలిచిపోయెను. దాని సంపాదకుడగు బదరీదత్త పాండే అదే యేట 'శక్తి' యను మరియొక పత్రికను ప్రారంభించెను. 1916లో పుట్టిన కుమావూన్ పరిషత్తు మొదట వినతిపత్రములు పంపు సభగా నుండి, క్రమముగా పల్లెలవారి మాట వినసాగెను. అర్జీలవలన ఫలము లేదని తేలిపోయెను.

1921 జనవరిలో ఉత్తరాయణపు తిరునాళ్ళు వచ్చెను. మన సంక్రాంతి దినముననే, సరయూ గోమతీ సంగమమునందలి బాగేశ్వరమున బాగనాథస్వామి సన్నిధిని జరుగు జాతర యది. కొండవారు ఉన్నియు, కంబళులు, ఉప్పు, ధాన్యము మార్చుకొనుటకు అచ్చటికి వేలకొలది వత్తురు. ఆ యేడు బదరీదత్త పాండే, హరగోవింద పంతు, చిరంజీలాల్ మొదలగువారు అల్మోరానుండి పోయి జాతరలో ప్రసంగించిరి. డిప్యూటీ కమిషనరు కొలదిమంది పోలీసులతో అచ్చటనే యుండి, వారిని వెడలిపొమ్మని యాజ్ఞాపించెను. వారు కదలలేదు, ఆ జనసముద్రమును చూచి ఆయన తుపాకి పేల్చుటకు సాహసింపలేదు. జనులు సరయూజలమును చేతబట్టి, బాగనాథుని సాక్షిగా, ఇకమీదట వెట్టి మోయమని ప్రమాణము చేసిరి. ఊరిపెద్దలు తాము తెచ్చిన కూలీ రిజిష్టర్లను నదిలో విసరివైచిరి. ఒక్క ప్రాణము పోలేదు. ఎవరెప్పుడు మోయవలెనో వ్రాసియుంచిన కాగితములు పండుగనాటి చల్లని నీళ్ళలో కొట్టుకొనిపోయెను. పిమ్మట ఆ పద్ధతిని సర్కారువారు విడువక తప్పలేదు. గాంధీమహాత్ముడు ఈ వార్త విని మిక్కిలి మెచ్చెను. పాండేగారు తరువాత వ్రాసిన కుమావూన్ చరిత్ర 1937లో ప్రచురింపబడినది.

ఆ 1921వ సంవత్సరము మన ఆంధ్రులకును జ్ఞప్తిలో నుండదగినది. చీరాల పేరాల ప్రజలు పన్నుల నొల్లక ఇండ్లు విడిచి రామనగరు పాకలలో కాపురముండిన యేడది. పలనాటివారు అడవిలో పశువుల మేపుకొను హక్కునకై సత్యాగ్రహము పట్టిన కాలమది. హైదరాబాదులో ఆంధ్ర జనసంఘము పుట్టినదియు ఆ యేటనే. తెలంగాణమున వెట్టిచాకిరికి ప్రతికూలముగా అది చేసిన పనిని మనవారెరుగుదురు. వెట్టి యను మాట మనకు నిఘంటువులో చూచి తెలిసికొనవలసినది కాదు. మన తాతలు కొందరు దానిని చేసిరి, కొందరు చేయించుకొనిరి. కాబట్టి బాగేశ్వరపు కథను మనము పరాయివారి కథగా చదువజాలము.

వెట్టి పోయినంతనే కొండవారి భారము తీరెనని యనుకొనరాదు. 1911 తరువాత సర్కారు పల్లెల చుట్టునున్న యడవులను తన క్రిందికి తీసికొనగా, కట్టెలకు, గడ్డికి, ఎరువునకు కరవు వచ్చెను. 1921 వేసవిలో ఆ కోపము అడవిమంటలుగా చెలరేగెను. 1931లో ఊరివారే తమ యడవిని చూచుకొను 'వన పంచాయతుల'కు నియమము లేర్పడెను. అడవి దూరమైనపుడు ఎక్కువ నడచినవారు స్త్రీలు. గడ్డిమోపు, కట్టెలమోపు, నీళ్ళబిందె యీ మూడును కొండపల్లెలలో నాడువారి తలలమీదివే. పురుషులు పట్టాళములలోను, బల్లనేలలోని కొలువులలోను చేరి మనియార్డరు పంపగా, సేద్యమంతయు స్త్రీలే చేసికొనుచు వచ్చిరి. వారిలోనుండియే బిష్ణీదేవి సాహ్ వంటి ధీరురాలు పుట్టెను. బాల్యముననే వివాహమై, చిన్నవయసుననే వైధవ్యము పొంది, మూలకూర్చుండవలసిన యామె, 1930లో అల్మోరా పురపాలకసంఘ భవనముపై జాతీయపతాక మెత్తిన యుద్యమములో నిలిచి చెరసాల కేగెను. 1946లో ఆంగ్లవనిత యగు సరళాబెహన్ కౌసానిలో కొండపిల్లలగు బాలికలకొరకు లక్ష్మీ ఆశ్రమమును స్థాపించెను. పొలము పనియు చదువును కలిపి నేర్పు ఆ విద్యాలయము వందలాది పల్లెయాడపిల్లలకు వెలుగైనది.

నేటి స్థితి చూడుడు. 2001లో 6,30,567గా నున్న అల్మోరా జిల్లా జనసంఖ్య 2011 లెక్కలలో 6,22,506కు దిగెను. దేశమంతయు పెరుగుచుండగా నిచ్చట తగ్గినది. వేయిమంది పురుషులకు 1,139 మంది స్త్రీలు లెక్కకు వచ్చిరి. ఆ పురుషులెక్కడికి పోయిరో చెప్పనక్కరలేదు. చుట్టుప్రక్కల పల్లెలలో తాళము వేసిన యిండ్లు, బీడుపడిన మెట్టపొలములు మేమును చూచితిమి. మాతో వచ్చిన వారొకరు "ఆహా, ఎంత నిశ్శబ్దము!" అని మెచ్చుకొనిరి. ఆ నిశ్శబ్దములో నొక భాగము లేని మనుష్యులదని అప్పుడు మాకు తోచెను. నీటి సంగతియు నట్టిదే. పూర్వము పట్టణములో 'నౌలా' లను రాతికట్టడపు ఊటబావు లనేకముండెను. పల్లకప్పు క్రింద మెట్లు దిగి చల్లని నీళ్ళు తెచ్చుకొనెడివారు. వానిలో పెక్కు ఎండిపోయినవి, కొన్ని పాడైనవి. నేడు ప్రధానముగా క్రిందనున్న కోసీనదినుండి యంత్రములతో నీటి నెక్కింపవలసివచ్చినది. వేసవిలో అతిథులు హెచ్చినపుడే ఊరివారికి నీళ్ళు తగ్గును.

కొండలకు పోవలదని మేము చెప్పుట లేదు. పోవలెను, పిల్లలను తీసికొని పోవలెను. అల్మోరావంటి నెమ్మదిగల పాతపట్టణమునకు పోయినచో మరియు మంచిది. పోయినవారు నాలుగుదినములైన నిలిచి, ఊరిచరిత్ర నడిగి తెలిసికొని, అచ్చట పండిన మండువా, గహత్ తిని, తామ్టా చేతి చెంబొకటి కొని తేవలెను. స్నానమున కెన్ని బిందెలు వాడుచున్నామో చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మన బరువు మోయువానితో బేరమాడునపుడు, ఈ కొండలలో నొకప్పుడు ఆ మోతకు వెల యడుగుటకే హక్కు లేకుండెనని తలచుకొనవలెను. వెల చెప్పుకొను స్వాతంత్ర్యము మనుష్యునకు చాల కష్టముమీద వచ్చినది. దానిని ప్రతి బస్సునిలుపుచోటను పదియో యేబదియో తగ్గించుచు పోవుట చదువుకొన్నవారికి తగదు.

తిరుగు ప్రయాణపు నాడు మేము ముందుగానే పోయి ఆ కూలివానికొరకు వెదకితిమి. ఆతడు కనబడలేదు, వేరొక బస్సు సామానుతో పైకి పోయెనని తోడివారు చెప్పిరి. మా పెట్టెలను మోయుటకు మరియొకడు వచ్చి నూటయేబది యడిగెను. మేము బేరమాడక యిచ్చితిమి. కాని మొదటివాని యేబది రూపాయ లింకను మా మీదనే యున్నవి. మా గృహిణి ఆ మాట నిప్పటికిని అప్పుడప్పుడు జ్ఞప్తి చేయుచునే యుండును.